మండువా మీద శ్లాబు ఎందుకు వద్దంటున్నానంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇంటి వెనక రెండు గదులు, లోపలే ఒక స్నానాల గది వేయించాలని మీ నాన్నలు అనుకుంటున్నారు. నాకూ ఇష్టమే. పండక్కి అందరూ వస్తే పడకలు చాలడం లేదు, మీ నాయనమ్మ రాత్రిళ్లు పెరట్లోకి వెళ్లలేకపోతోంది. అయితే మండువా మీద, అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన చోటు మీద, శ్లాబు వేసేస్తే పెద్ద హాలు వస్తుంది కదా అని మీరు ఫోన్లో అడిగారు చూడండి, దానికి జవాబు రాయాలనిపించింది.

కోనసీమలో పూర్వం ఇల్లు కట్టేవాళ్లకి మొదటి లెక్క నీళ్లే. వరద గోదావరిది, తుపాను సముద్రానిది, ఊట కాళ్ల కిందిది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లకి అరుగులు అంత ఎత్తున ఎందుకు లేపారో వేరే చెప్పక్కర్లేదు. మండువాదీ అదే లెక్క. నాలుగు వైపుల పెంకుల మీద పడ్డ వాన లోపలికి జారి, తూములోంచి వీధి కాలవలోకి పోతుంది. ఎండాకాలం గదుల్లో వేడిగాలి ఆ ఖాళీలోంచే పైకి పోయి, వీధి గుమ్మంలోంచి చల్లగాలి వస్తుంది. దాన్ని మూస్తే చుట్టూ ఉన్న గదులకి పట్టపగలే లైటు వేసుకోవాలి. పైగా మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలు పెంకుల బరువుకి నిలబెట్టినవి, శ్లాబు అంతకు ఎన్నో రెట్లు బరువు. జల్లు కొడుతోందంటే పైన గ్రిల్ వేయించి, దానికి అడుగున్నర ఎత్తులో గాజులాంటి రేకు పరిపించండి. గాలి పక్కలనుంచి పోతుంది.

ఇక గోడలు. వంటింటి గోడ కింది భాగాన్ని ఈసారి గోటితో గీరి చూడండి. రంగు పొక్కులు రాలి, వేలికి తెల్లటి పొడి అంటుతుంది. అది ఉప్పు. ఆ గోడకి ఒకప్పుడు సిమెంటు పూశారు. మన నేలలో చెమ్మ ఇటికల్లోంచి పైకి పాకుతూనే ఉంటుంది. గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం, పూతలోంచి అది మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. దారిలేక ఇంకా పైకి ఎక్కి, ఉప్పు పేరుకుని, లోపల ఇటికే గుల్లవుతుంది. పక్కనే పడమటింటి గోడకి ఇప్పటికీ సున్నమే, చెయ్యి వేస్తే నున్నగా, చల్లగా ఉంటుంది. కాబట్టి సిమెంటు చెక్కించి మళ్లీ సున్నమే వేయించాలి. తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, ఆలస్యమైనా వెతకాలి.

కొత్త గదులకి పునాది వేరుగా ఉండాలి. మన మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది. పాతింటి పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇప్పుడు సర్దుకుంటుంది. రెండు గోడల్నీ కలిపి కడితే అతుకు దగ్గర బీట తప్పదు. మధ్యలో అంగుళం సందు వదిలి, పైన రేకు మూత వేస్తే చాలు. కొత్త కప్పు పాత చూరుకంటే కిందే ఉండాలి, దాని నీళ్లు పాత గోడ మీదికి రాకూడదు. పాతదానిలా కనబడాలని సిమెంటు స్తంభాలకి టేకు రంగు మాత్రం వేయించకండి, నాకు నచ్చదు. సాదాగా కట్టండి.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు టేపూ గళ్ల కాగితాలూ తెచ్చుకోండి. వడ్రంగి వాసాల్లో చెదలు చూసేలోగా మీరు గదులన్నీ కొలిచి బొమ్మ గీయాలి, చూరు నీళ్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో కూడా గుర్తు పెట్టండి. మేస్త్రికి ఆ కాగితమే ఇస్తాను.

మీ తాతయ్య