80లో నడిపేవారు 8 దగ్గర ఎందుకు తడబడతారు? బండి పరీక్షపై అపోహలు - వాస్తవాలు

మోటార్‌సైకిల్, స్కూటర్ లాంటి బండ్లు నడపడం నేర్పించడం నా పని. అసలేమీ తెలియనివారికి నేర్పడం తేలిక. అన్నలో స్నేహితులో చెప్పినవన్నీ బుర్రనిండా నింపుకుని వచ్చేవారితోనే తంటా. ఆ చెప్పుడు మాటలు లైసెన్స్ పరీక్షలో కాలు కింద పెట్టిస్తాయి. రోడ్డు మీద అంతకన్నా పెద్ద నష్టమే చేస్తాయి.

అపోహ: 80లో నడిపేవాణ్ని, 8 వేయలేనా?

వేయలేకపోవచ్చు. వేగంలో ఉన్న బండి చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. నడిపేవారి పనితనం బయటపడేది నడక వేగంలోనే. పరీక్షలో 8 అంకె ఆకారంలో బండి తిప్పించేదీ (8 వేయించడం అంటే అదే), కోన్ల మధ్య మెలికలు తిప్పించేదీ అందుకే.

క్లచ్‌ను పూర్తిగా వదలకండి, పూర్తిగా పట్టకండి. హాఫ్ క్లచ్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను ఒకే తీరుగా కొద్దిగా తిప్పి పట్టుకోండి. వేగాన్ని వెనక బ్రేకుతో సర్దుకోండి. ఇంజిన్ లాగుతుంటే బ్రేకు కాస్త ఆపుతుంది, ఆ లాగులాటలో బండి కుదుపు లేకుండా సాగుతుంది. గేర్లు లేని స్కూటర్‌కూ ఇదే పద్ధతి, క్లచ్ ఒక్కటే ఉండదు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు జోలికి వెళ్లకండి. బండి లోపలి వైపుకు చటుక్కున పడిపోతుంది.

అసలు రహస్యం కళ్లలో ఉంది. చక్రం ముందు నేలను చూసేవారు వంకర్లు పోతారు, కోన్‌ను చూసేవారు సరిగ్గా కోన్‌నే గుద్దుతారు. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడికి చూడాలి. నేను ‘చూపు తిప్పండి’ అనను, ‘గడ్డం తిప్పండి’ అంటాను. గడ్డం తిరిగితే భుజాలు తిరుగుతాయి, హ్యాండిల్ వాటి వెంట వస్తుంది. మోచేతులు బిగుసుకుంటే ఇవేవీ జరగవు.

అపోహ: ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుంది

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదకు వాలుతుంది. వెనక చక్రం తేలికపడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. వెనక బ్రేకునే నమ్ముకుంటే ఆ చక్రం లాక్ అయి, అంటే తిరగడం ఆగి, బండి జారుతూ పోతుంది, ఆగదు. పొడి రోడ్డు మీద బండిని ప్రధానంగా ఆపేది ముందు బ్రేకే.

పడేసేది బ్రేకు కాదు, దాన్ని ఒక్కసారిగా గుంజే చెయ్యి. మొదట లివర్‌ను మెల్లగా దగ్గరకు తీసుకోండి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు కిందికి కుంగడం చేతులకు తెలుస్తుంది. అప్పుడు గట్టిగా నొక్కండి, వెనక బ్రేకునూ తోడు తీసుకోండి. హ్యాండిల్ నేరుగా ఉండాలి. ఇసుక మీద, తడి రోడ్డు మీద ఇంకా సున్నితంగా పట్టాలి. ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి సాధన చేయండి.

అపోహ: ఏబీఎస్ ఉంది, ఇక భయం లేదు

ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు చక్రాన్ని లాక్ కానివ్వదు, అంతే. దూరాన్ని మాయం చేయదు. 60 వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. మీరు ప్రమాదం గుర్తించి బ్రేకు అందుకునేలోపే అంత దూరం గడిచిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం 30 వేగంలో కన్నా నాలుగింతలు.

అపోహ: ఈ పక్కవీధికేగా, హెల్మెట్ ఎందుకు?

లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించిన హర్ట్ నివేదిక 1981లో వెలువడింది. ప్రమాదాలు ఎక్కువగా చిన్న చిన్న ప్రయాణాల్లో, బయలుదేరిన కాసేపటికే జరిగాయని అది తేల్చింది. ప్రమాదానికి ముందు సగం బండ్ల వేగం గంటకు 48 కిలోమీటర్లు దాటలేదు. హెల్మెట్ వల్ల మెడకు దెబ్బ తగులుతుందన్న భయానికీ అందులో ఆధారం దొరకలేదు. అయితే పట్టీ బిగించని హెల్మెట్‌ను లెక్కలోకి తీసుకోకండి. పట్టీ పెట్టుకుని వెనకనుంచి పైకి తోసి చూడండి. ఊడివస్తే అది మీ సైజు కాదు.

అపోహ: కారు నడిపే ఆయన నన్ను చూశాడు

చూసినట్టు కనిపించాడు, అంతే. అదే నివేదిక ప్రకారం బండి మరో వాహనాన్ని ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో దారి ఇవ్వాల్సింది ఆ రెండో వాహనమే. కూడలిలో ఎదుటివారి ముఖాన్ని నమ్మకండి, కారు ముందు చక్రాన్ని గమనించండి. కారు కదులుతున్నట్టు ముందుగా తెలిసేది అక్కడే. మీ వేళ్లు అప్పటికే బ్రేకు లివర్ మీద ఉండాలి.

అపోహ: పరీక్షకు ఏ బండైనా ఒకటే

కాదు. క్లచ్ అందుకునే చోటు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. అరువు బండి తెచ్చుకునేట్లయితే పరీక్ష రోజు పొద్దున కాదు, ముందే తెచ్చుకుని దానిమీదే సాధన చేయండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి. ముందు టైరు మెత్తబడితే హ్యాండిల్ బరువెక్కి, 8 మధ్యలోనే మొరాయిస్తుంది.