గతిలేక మొదలైన నలుపు తెలుపు

ఫోన్‌లో తీసిన ఫొటోను ఇవాళ ఒక్క వేలితో నలుపు తెలుపు చేసేయొచ్చు. బాగోలేదనిపిస్తే మళ్లీ రంగుల్లోకి తెచ్చుకోవచ్చు. అయినా ఏది మేలన్న వాదన తెగదు. రంగులుంటే మామూలు ఫొటో, తీసేస్తే కళ అన్న భావన మనలో చాలామందికి ఎక్కడో ఉండిపోయింది. కానీ మొదట్లో నలుపు తెలుపును ఎవరూ కోరి ఎంచుకోలేదు. గతిలేక వాడారు, గౌరవం తర్వాత వచ్చింది.

1839లో వెండిపూత రేకు మీద ఫొటో తీసే డగేర్ పద్ధతి బయటికొచ్చిన కొన్నేళ్లకే స్టూడియోల్లో ఫొటోలకు రంగులు అద్దడం మొదలైంది. సన్నటి కుంచెతో బుగ్గలకు కాస్త గులాబీ రంగు, నగలకు బంగారు పొడి. డబ్బిచ్చి కూర్చున్నవాళ్లకు తమ ముఖం తమ రంగుల్లోనే కావాలి. కెమెరాకు అది చేతకాలేదు, అంతే.

ఆ రోజుల నలుపు తెలుపు కూడా అంత నమ్మదగిందేం కాదు. అప్పట్లో రీలు బదులు వాడిన, రసాయనం పూసిన గాజు ప్లేట్లకు నీలం, ఊదా తప్ప మిగతా రంగులు దాదాపు ఆనేవి కావు. ఎర్ర బట్ట నల్లగా పడేది, నీలాకాశం తెల్లగా పాలిపోయేది. అందుకే 1850ల్లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే సముద్రాన్ని ఒక నెగెటివ్ మీద, మబ్బుల్ని ఇంకో నెగెటివ్ మీద తీసి, రెండూ కలిపి ప్రింట్ వేసేవాడు. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ ప్లేటు రసాయనంలో కొన్ని అద్దకపు రంగులు కలిపి దాని చూపును ఆకుపచ్చ దాకా పెంచాడు. ఎరుపు కూడా చూడగల ప్లేట్లు అమ్మకానికొచ్చేసరికి 1906 అయింది.

ఈ గుడ్డి ప్లేట్లతోనే 1861లో ఒక తమాషా జరిగింది. ఈ మూడు రంగుల వెలుగు కలిపితే మిగతా రంగులన్నీ వస్తాయని చూపించడానికి భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా విడివిడిగా తీయించి, మూడు బొమ్మల్నీ అవే ఫిల్టర్లతో ఒకే తెర మీద వేసి లండన్‌లో చూపించాడు. రంగుల బొమ్మ కనిపించింది. ఎరుపే ఆనని ప్లేటు మీద ఎరుపు ఎలా పడింది? వందేళ్ల తర్వాత ఫిల్మ్ కంపెనీ కొడాక్ పరిశోధకులు తేల్చారు: ఆ రిబ్బన్‌లోని ఎర్ర రంగు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా తిప్పికొడుతోంది, ప్లేటు పట్టుకున్నది దాన్ని. సిద్ధాంతం సరైనదే, ప్రయోగం మాత్రం అదృష్టం కొద్దీ గట్టెక్కింది.

బజార్లో దొరికే రంగుల ప్లేటు 1907లో వచ్చింది, లూమియర్ సోదరుల ఆటోక్రోమ్. దాన్ని భూతద్దంతో చూస్తే బొమ్మ చెదిరిపోయి నారింజ, ఆకుపచ్చ, ఊదా చుక్కలు బయటపడతాయి. అవి రంగు వేసిన బంగాళాదుంప పిండి రేణువులు, సందుల్లో మసి నింపారు. చాలా అందమైన వస్తువు, కానీ వాడటం కష్టం. మంచి ఎండలో కూడా బొమ్మ పడటానికి సెకన్లు పట్టేది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి.

కొడాక్ వారి రంగుల ఫిల్మ్ కొడాక్రోమ్ 1935లో సినిమా రీలుగా, మరుసటేడు ఫొటోల రీలుగా వచ్చాక రంగు ఇంటింటికీ చేరింది. మరి కళాకారులు ఎందుకు మొహం చాటేశారు? ఒక కారణం స్పీడు, అంటే ఫిల్మ్ వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందన్న అంకె. తొలి కొడాక్రోమ్ స్పీడు దాదాపు 10. 1954లో వచ్చిన 35 ఎంఎం ట్రై-ఎక్స్ నలుపు తెలుపు రీలుది 200. సాయంత్రం పూట వీధిలో పరిగెత్తే మనిషిని తీయాలంటే ఏది చేతిలో ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి కలర్ ప్రింట్లు త్వరగా వెలిసిపోయేవి కూడా. కానీ నా లెక్కలో అసలు గొడవ ఫొటోలు కడిగే చీకటి గది, డార్క్ రూమ్‌ది. నలుపు తెలుపు ప్రింట్‌ను ఫొటోగ్రాఫర్ తనే వేసుకుని ఓ మూల ముదురు చేస్తాడు, ఇంకో మూల తేల్చుతాడు. కొడాక్రోమ్ కడగాలంటే ల్యాబ్‌కు పంపాల్సిందే. బొమ్మ మీద తన చెయ్యి లేనప్పుడు అది తనదని ఎలా అంటాడు?

పైగా అప్పటికి రంగు ప్రకటనలకూ, విహారయాత్రల స్లైడ్లకూ అలవాటు పడిపోయింది. 1969లో పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ రంగుల ఫొటోగ్రఫీ చౌకబారు వ్యవహారమని తేల్చేశాడు. అదే ఎవాన్స్ 1973లో అక్కడికక్కడే ప్రింట్ ఇచ్చే పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 కెమెరా చేతికొచ్చాక రంగుల్లో రెండు వేలకు పైగా ఫొటోలు తీశాడు. మాటకేం, కెమెరా దొరికితే చెయ్యి ఊరుకోదు.

1976లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా, అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ రంగుల ఫొటోలు ప్రదర్శిస్తే విమర్శకులు విసుక్కున్నారు, మరీ చప్పగా ఉన్నాయన్నారు. 1973లో ఆయన తీసిన ఒక గది పైకప్పు ఫొటోనే తీసుకోండి. ముదురు ఎరుపు, మధ్యలో ఓ బల్బు, దాని దగ్గరికి పాకిన తెల్లటి వైర్లు. రంగు తీసేస్తే మిగిలేది బూడిద రంగు సీలింగు, ఓ బల్బు. అక్కడ ఎరుపే విషయం. రంగు పనికొస్తుందా అన్న ప్రశ్నకు నాకు ఆ ఒక్క బొమ్మ చాలు.

అదే 1976లో కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్‌కు పేటెంట్ వచ్చింది. డిజిటల్ సెన్సర్‌కు స్వతహాగా వెలుగు ఎంతో తెలుస్తుంది గానీ రంగు తెలియదు. బేయర్ దాని గళ్ల మీద సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం ఫిల్టర్లు పరిచాడు, మిగతా రంగులు లెక్క కట్టి నింపుకోవాలి. ఇవాళ్టి కెమెరాల్లో చాలావరకు చేసేది ఇదే. 2012లో జర్మన్ కెమెరా కంపెనీ లైకా ఆ ఫిల్టర్లు తీసేసిన కెమెరా అమ్మకానికి పెట్టింది, కేవలం నలుపు తెలుపు కోసం. ఒకప్పుడు రంగు లేదని కుంచె పట్టారు, ఇప్పుడు రంగు వద్దని డబ్బు కడుతున్నారు!

మారిందల్లా నిర్ణయం తీసుకునే సమయం. 1927లో ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలోని యోసెమిటీ కొండను తీసేటప్పుడు లెన్స్‌కు ముదురు ఎర్ర ఫిల్టర్ తగిలించి ఆకాశాన్ని దాదాపు నలుపు చేశాడు. ఇప్పుడు అదే పని ఫొటో తీశాక స్లయిడర్‌తో చేస్తాం. ఎర్ర మందారాన్ని మామూలుగా నలుపు తెలుపు చేస్తే పువ్వూ ఆకులూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఎరుపు స్లయిడర్‌ను పైకి జరిపితే పువ్వు తెల్లగా తేలుతుంది, కిందికి లాగితే నల్లబడి ఆకుల్లో మునుగుతుంది. ట్యూబ్‌లైటు పచ్చదనం అంటుకుని పాడైన ఫొటోల్ని నలుపు తెలుపు చేసి గట్టెక్కించడం నాకూ అలవాటే. చూసినవాళ్లు ఎంత కళాత్మకంగా ఉందో అంటారు, నేను కాదనను.