ఉప్పు తగ్గిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుందన్న మాట ఎక్కడిది?

ఆవకాయ జాడీలకెత్తే రోజుల్లో ఈ వాదన ఎలాగూ లేస్తుంది. బెజవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా బీపీ పేషెంట్లు డాక్టర్లను అడుగుతున్నది ఒకటే: "ఉప్పు తగ్గిస్తే కొలెస్ట్రాల్, షుగర్ పెరుగుతాయటగా?" ఉప్పుకీ బీపీకీ ఉన్న లింకు అందరికీ తెలిసిందే. ఈ కొత్త భయానికి మాత్రం ఒక చరిత్ర ఉంది.

1998లో డెన్మార్క్ పరిశోధకుడు నీల్స్ గ్రాడల్ బృందం ఉప్పు తగ్గించి చూసిన అప్పటిదాకా ట్రయల్స్‌ను కలిపి అమెరికా వైద్య పత్రిక 'జామా'లో లెక్క చెప్పింది. బీపీ ఉన్నవాళ్లకు బీపీలో పై అంకె దాదాపు 4 పాయింట్లు తగ్గింది. అదే సమయంలో ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీని పెంచే రెనిన్, ఆల్డోస్టిరాన్ హార్మోన్లు మూడు రెట్లకు పైగా పెరిగాయి, కొలెస్ట్రాల్ కూడా పెరిగింది. ఇదే బృందం 2011లో చేసిన సమీక్షలో కొలెస్ట్రాల్ 2.5 శాతం, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 7 శాతం పెరిగినట్టు తేలింది. ఇప్పుడు చేతులు మారుతున్న అంకెలు ఇవే.

అంకెలు అబద్ధం కాదు. కానీ అవి ఎన్ని రోజుల ట్రయల్స్ నుంచి వచ్చాయి? లండన్‌లో ఫెంగ్ హె, గ్రాహం మెక్‌గ్రెగర్ 2002లోనే ఈ ప్రశ్న వేశారు. ఆ ట్రయల్స్‌లో చాలావాటిలో ఉప్పును ఒక్కసారిగా, కొద్ది రోజులపాటే కోసేశారు. అలా చేస్తే ఒంట్లో నీరు తగ్గుతుంది, కిడ్నీ కంగారుపడి రెనిన్ వదులుతుంది. రక్తం కాస్త చిక్కబడితే కొవ్వు అంకె కూడా పైకి కనబడుతుంది. అందుకే వాళ్లు ఉప్పును ఓ మోస్తరుగా, కనీసం నాలుగు వారాలు తగ్గించిన ట్రయల్స్‌నే తీసుకున్నారు. ఆ పద్ధతిలోనే 2013లో 34 ట్రయల్స్‌ను చూస్తే, బీపీ ఉన్నవాళ్లకు పై అంకె 5 పాయింట్లకు పైగా తగ్గింది. హార్మోన్లు కొద్దిగా పెరిగాయి. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నా దృష్టిలో గొడవ అక్కడే తేలిపోయింది, గ్రాడల్ వర్గం ఒప్పుకోకపోయినా.

షుగర్ మాటా ఇలాంటిదే. 2011 నాటి అమెరికా అధ్యయనంలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కనబడింది నిజమే. అయితే అది ఆరోగ్యవంతుల మీద, వారం రోజులపాటు, రోజుకు ఒక గ్రాము చిల్లర ఉప్పుతో చేసిన పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 5 గ్రాముల లోపు. మన దేశంలో సగటున తినేది 8 గ్రాములు, కొన్ని లెక్కల్లో 11 దాకా. పచ్చడి, ఊరమిరపకాయ, ఉప్పేసిన మజ్జిగ ఉన్న కంచంలో ఒక గ్రాముకి దిగేవాళ్లెవరు!

టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఈ రెనిన్ దారినే అడ్డుకుంటాయి. ఉప్పు తగ్గితే అవి ఇంకా బాగా పనిచేస్తాయి. జాగ్రత్త పడాల్సింది వేరేచోట ఉంది. ఇవే మాత్రలు వాడేవాళ్లు, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, పొటాషియం కలిపిన లో-సోడియం ఉప్పు కొనేముందు డాక్టర్ని అడగాలి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు మే నెల బెజవాడ ఎండల్లో ఉప్పు హఠాత్తుగా మానేస్తే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.