పీకేయూ పిల్లల తిండి, మెదడు: అపోహలు - వాస్తవాలు

జీవక్రియ లోపాలున్న పిల్లలకు ఆహారం నిర్ణయించడం నా పని. ఫినైల్‌కీటోన్యూరియా, అంటే పీకేయూ గురించి తల్లిదండ్రులు తరచుగా అనే మాటలివి.

అపోహ: జన్యువులతో వచ్చిన జబ్బు తిండితో తగ్గుతుందా?

వాస్తవం: జన్యువు మారదు, పిల్లల భవిష్యత్తు మాత్రం మారుతుంది. పాలు, పప్పు, గుడ్డు, మాంసం అన్నిట్లో ఫినైల్‌అలనిన్ ఉంటుంది. ఇది ప్రొటీన్‌లో ఒక భాగం, అంటే ఒక అమైనో ఆమ్లం. లివర్‌లో ఒక ఎంజైమ్ దాన్ని టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చాలి. పీకేయూలో ఆ ఎంజైమ్ సరిగా పనిచేయదు కాబట్టి ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుపోతుంది. మెదడులోకి వెళ్లే దారిలో టైరోసిన్‌కు, ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి అదే అడ్డుపడుతుంది. దాంతో వాటి నుంచి తయారయ్యే డోపమైన్, సెరటోనిన్ అనే మెదడు రసాయనాలు తగ్గుతాయి, నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే తీవ్రమైన బుద్ధిమాంద్యం, ఫిట్స్ వస్తాయి.

1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్ బృందం ఒక పాపకు ఫినైల్‌అలనిన్ బాగా తగ్గించిన ఆహారం ఇచ్చింది. ఆమె మెదడుకు అప్పటికే చాలా నష్టం జరిగిపోయింది. అయినా ఎడతెగని ఏడుపు, తల బాదుకోవడం ఆగాయి. పాకింది, నిలబడింది. తర్వాత తల్లికి చెప్పకుండా ఫినైల్‌అలనిన్ కలిపి చూస్తే, కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నదంతా దాదాపు పోయింది. అలా చెప్పకుండా చేయడం ఈ రోజుల్లో ఒప్పుకోదగింది కాదు. కానీ ఆ పాప ప్రవర్తన మారింది తిండి వల్లే అని అందరికీ తెలిసింది దానివల్లే. ఇప్పుడు మొదటి వారాల్లోనే ఆహారం మొదలుపెట్టి, క్రమం తప్పకుండా పాటించిన పిల్లలు మామూలుగా బడికి వెళ్లి చదువుకుంటున్నారు.

అపోహ: బిడ్డ బాగానే ఉంది, పరీక్ష ఎందుకు?

వాస్తవం: కడుపులో ఉన్నంతకాలం ఫినైల్‌అలనిన్‌ను మార్చే పని తల్లి శరీరమే చేసిపెడుతుంది. అందుకే పుట్టినప్పుడు ఏ తేడా కనిపించదు. లక్షణాలు బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి. పుట్టిన 24 గంటల తర్వాత, మొదటి కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసే కొన్ని రక్తపు చుక్కలు చాలు. మన దగ్గర ప్రతి ఆసుపత్రిలోనూ ఈ పరీక్ష వాళ్లంతట వాళ్లే చేయరు. దయచేసి అడిగి చేయించండి.

అపోహ: మా రెండు వైపులా ఎవరికీ లేదు.

వాస్తవం: ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఒక్కో ప్రతిలోనే లోపం ఉంటే వాళ్లకేమీ కాదు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం మాత్రం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

అపోహ: అయితే ప్రొటీన్ మొత్తం మానిపిస్తాం.

వాస్తవం: వద్దు. ఫినైల్‌అలనిన్ శరీరం తయారు చేసుకోలేదు, బొత్తిగా అందకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. రక్త పరీక్షలు చూసుకుంటూ కొలిచి ఇవ్వాలి. మిగతా ప్రొటీన్ ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక ఫార్ములాతో అందాలి. దాంతోపాటు తల్లిపాలు కూడా లెక్క ప్రకారం పట్టవచ్చు, చాలామంది అనవసరంగా మాన్పించేస్తారు.

అపోహ: పెద్దయ్యాక ఏం తిన్నా పర్వాలేదు.

వాస్తవం: ఆహార నియమం వదిలేస్తే పెద్దవాళ్లలో కూడా ఏకాగ్రత తగ్గుతుంది, టెన్షన్, దిగులు పెరుగుతాయి. ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పీకేయూ ఉన్న అమ్మాయి గర్భంతో ఉన్నప్పుడు ఆమె రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువగా ఉంటే, బిడ్డకు పీకేయూ లేకపోయినా తల చిన్నదిగా ఉండడం, గుండె లోపాలు రావచ్చు. అందుకే గర్భం దాల్చకముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి.