యూజర్ ఇచ్చిన అడ్రస్‌ని లైనక్స్ కెర్నెల్ ఎలా తాకుతుంది?

ప్రోగ్రామ్ ఫైల్ చదవమంటూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ఒక బఫర్ (డేటా ఉంచే మెమరీ చోటు) అడ్రస్ ఇస్తుంది. ఆ అడ్రస్ ఉన్న పేజీ, అంటే మెమరీ ముక్క, డిస్క్ మీదికి వెళ్లి ఉంటే ఇబ్బందేం లేదు. పేజీ ఫాల్ట్ (ఈ మెమరీని తాకలేనని ప్రాసెసర్ ఇచ్చే సంకేతం) వస్తుంది, కెర్నెల్ తెచ్చుకుంటుంది. ఆ అడ్రస్‌లో అసలేమీ లేకపోతేనే చిక్కు. ఎవరో రాసిన చెత్త ప్రోగ్రామ్ వల్ల మెషీన్ మొత్తం పడిపోకూడదు కదా!

తొలినాళ్ల లైనక్స్ ముందే తనిఖీ చేసేది. వెరిఫై_ఏరియా అనే ఫంక్షన్ ప్రాసెస్ మెమరీ మ్యాప్ అంతా వెతికి సరేనన్నాకే కాపీ మొదలు. ప్రోగ్రామ్‌లు ఇచ్చే దాదాపు ప్రతి పాయింటరూ (అడ్రస్) సరైనదే అయినా ఈ వెతుకులాట తప్పేది కాదు. పైగా తనిఖీకీ కాపీకీ మధ్య అదే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే ఇంకో థ్రెడ్ ఆ మెమరీని తీసేయొచ్చు. ఇంటెల్ 386 చిప్ సంగతి మరీ విచిత్రం. కెర్నెల్ మోడ్‌లో రాస్తుంటే అది 'రీడ్ ఓన్లీ' గుర్తును పట్టించుకోదు, ఫాల్టే రాదు. దీనికి 486లో గానీ మందు దొరకలేదు.

1996 చివర్లో, 2.1 సిరీస్‌లో పద్ధతి తిరగబడింది. ముందు వెతకడం మానేసి నేరుగా కాపీ చేసేయడమే. యూజర్ మెమరీని తాకే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్, అది విఫలమైతే దూకాల్సిన అడ్రస్ జంటగా ఎక్సెప్షన్ టేబుల్‌లో ఉంటాయి. తీర్చలేని ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ అందులో చూస్తుంది. దొరికితే అటు దూకుతుంది, ప్రోగ్రామ్‌కి ఈఫాల్ట్ (చెడ్డ అడ్రస్) ఎర్రర్ వెళ్తుంది. దొరక్కపోతే అది కెర్నెల్ బగ్గే, ఊప్స్ అనే కెర్నెల్ ఎర్రర్ పడుతుంది. అంతా సవ్యంగా ఉంటే టేబుల్ జోలికే పోనక్కర్లేదు. లైనక్స్‌లో నాకు బాగా నచ్చే ఉపాయాల్లో ఇదొకటి.

కానీ ఒక్క తనిఖీ మాత్రం కోడ్ రాసే మనిషి చేతిలోనే మిగిలింది. ప్రోగ్రామ్ తెలివిగా కెర్నెల్ సొంత అడ్రస్‌నే ఇస్తే? అక్కడ మెమరీ ఉంది కాబట్టి ఫాల్ట్ రాదు, టేబుల్‌కి పనే పడదు. అందుకే అడ్రస్ యూజర్ హద్దులో ఉందో లేదో యాక్సెస్_ఓకే అనే తనిఖీని పిలిచి చూడాలి. 2008లో బయటపడ్డ వీఎంస్ప్లైస్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగే దారి) లోపంతో మామూలు యూజర్ కూడా రూట్ (సర్వాధికారి) అయిపోగలిగాడు. కారణం, యాక్సెస్_ఓకే పిలుపు లేకపోవడమే. సెట్_ఎఫ్‌ఎస్ అనే ఫంక్షన్ ఇంకో తలనొప్పి. కెర్నెల్ తన పనికోసం దానితో ఆ హద్దును కాసేపు ఎత్తేసేది. ఎత్తేసి ఉండగా ఊప్స్ పడితే, ప్రాసెస్ ముగింపు కోడ్ చేత కెర్నెల్ మెమరీలో సున్నా రాయించొచ్చని 2010లో తేలింది.

2014లో ఇంటెల్ బ్రాడ్‌వెల్ చిప్‌లతో ఎస్‌మ్యాప్ అనే రక్షణ వచ్చింది. అనుమతి తెరవకుండా కెర్నెల్ యూజర్ పేజీని తాకితే ప్రాసెసరే ఆపేస్తుంది. అయితే దాని కాపలా యూజర్ పేజీలకే. 2017లో, 4.13 వెర్షన్‌లోని వెయిట్‌ఐడీ అనే సిస్టమ్ కాల్‌లో యాక్సెస్_ఓకే మళ్లీ మరిచారు. చివరికి 2019 జనవరిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, అనుమతి తెరిచే యూజర్_యాక్సెస్_బిగిన్‌లోనే ఆ తనిఖీని కలిపేశాడు. సెట్_ఎఫ్‌ఎస్‌ని ఒక్కో ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ కోడ్ నుంచీ ఊడబెరికి, 2022లో 5.18 నాటికి పూర్తిగా తీసేశారు.