చలి కింద తగులుతుంది, చిల్లు పైన ఉంటుంది

బేల, పుష్యమాసం

పిల్లలారా,

"తాతా, దర్వాజ పెట్టి గొళ్లెం ఏసినంక గూడ సలి ఇంట్లకు ఎట్లొస్తది?" అని మీలో ఒక బిడ్డ అడిగింది. పెద్దలను అడిగితే "పెన్‌గంగ గాలి బిడ్డా" అని బొంత ముఖం మీదికి లాక్కుంటారు. మన ఆదిలాబాదులో పుష్యం తెల్లవారుజాము 10 డిగ్రీల లోపుకు దిగడం కొత్త కాదు. కాబట్టి ఈ ప్రశ్నను బొంత కింద దాచకుండా చూద్దాం.

ఎండాకాలం తాగే నీళ్లు పోసిపెట్టే మట్టికుండ, అదే రంజన్, గుర్తుందా? అందులో నీళ్లు రెండు తీర్ల పోతాయి. పగులుంటే ధారగా కారతాయి. పగులు లేకున్నా ఒళ్లంతా చెమ్మ ఊరి ఆరిపోతాయి. ఇంట్లో వెచ్చదనం పోయే దారులూ ఈ రెండే. సందుల్లోంచి వెచ్చగాలి ధారలాగ పోతుంది. రేకు, అద్దం, గోడ మీదుగా వేడి చెమ్మలాగ ఊరిపోతుంది. ఒక్క తేడా ఉంది: నీళ్లు కిందికి కారతాయి, వెచ్చగాలి పైకి పోతుంది. అందుకే రంజన్‌ను బోర్లించినట్టు అనుకోండి. అడుగు కప్పయింది, మూతి గడపయింది. కుండలోంచి నీళ్లు పోయినంత మేర గాలి లోపలికి చేరుతుంది కదా, ఇంట్లోనూ పైనుంచి వెచ్చగాలి పోయినంతా కిందినుంచి చల్లగాలి వచ్చి చేరాల్సిందే. కాళ్లకు తగిలే చలి దర్వాజ కింద నుంచి వస్తున్నది నిజమే, దాన్ని లోపలికి లాగుతున్నది మాత్రం పెంకుల సందు.

పాతకాలం ఇండ్లలో అటక మీద జొన్నలు, చొప్పకట్టలు, పాత బొంతలు ఉండేవి. ఇంటికి అదే టోపీ. ఇప్పుడు అటక పోయి ఒక్క పొర రేకు మిగిలింది. బోర్లించిన రంజన్‌కు అడుగే లేదన్నమాట!

సరే, పని మొదలుపెడదాం. పొద్దు పొడవక ముందు, 5 గంటలప్పుడు చూడాలి. లోపలికీ బయటికీ వేడిలో తేడా అప్పుడు బాగా ఉంటుంది. గాలి వీచే రోజు వద్దు, దిక్కు తప్పు చూపిస్తుంది. ఫ్యాన్లు ఆపండి, కిటికీలు మూయండి. ఒక అగరబత్తి వెలిగించి సందుకు రెండంగుళాల దూరంలో పట్టుకొని పది లెక్కపెట్టేదాకా కదలకండి. చెయ్యి ఊగితే పొగా ఊగుతుంది, అది లెక్కలోకి రాదు. గడప కింద మొదలుపెట్టి, దర్వాజ రెండు పక్కలు, కిటికీ చట్రం గోడకు కలిసే చోటు, కరెంటు బోర్డు చుట్టూ, చివరికి గోడా కప్పూ కలిసే చోటు చూడండి. అది మాత్రం పెద్దవాళ్లను నిచ్చెన ఎక్కమనండి. పొగ వంగిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి.

ఈ కాలంలో మన ఇండ్లలో పత్తి కుప్పలు ఉంటాయి. పత్తి ఉన్న అర్రలోకి అగరబత్తి తీసుకుపోవద్దు, నిప్పురవ్వ ఒక్కటి చాలు. అక్కడ ఆ పత్తిలోంచే సన్నటి పోగు తీసి పుల్లకు కట్టి పట్టుకోండి, పొగలాగే వంగుతుంది.

సందు దొరకకపోతే వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి (పొయ్యి ఆర్పి, మిగతావన్నీ మూసి). ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి ప్రతి సందులోంచీ బయటి గాలి లోపలికి దూరుతుంది. తడిచేయి పెట్టినా తెలుస్తుంది. అప్పుడు పైసందులోనూ గాలి లోపలికే వస్తుంది, చూసి కంగారు పడకండి.

రాత్రిపూట టార్చితో ఇంకో పరీక్ష. ఒకరు చీకటి గదిలో, ఒకరు బయట లైటు వేస్తూ. ఇది తిన్నటి సందునే చూపిస్తుంది, వంకర తిరిగిన సందు వెలుతురును దాచేస్తుంది. అందుకే నాకు పొగ మీదే నమ్మకం. ఇక కిటికీ రెక్క, చట్రం మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. చిరగకుండా జారి వస్తే అక్కడ పట్టు లేదు.

చిన్న సందే కదా అనుకుంటారని ఒక లెక్క చెప్తా. 36 అంగుళాల వెడల్పు దర్వాజ కింద పావు అంగుళం సందు. రెండూ గుణిస్తే 9 చదరపు అంగుళాలు, అంటే గోడకు 3 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు ఉన్న రంధ్రం. గోడకు అంత రంధ్రం ఉంటే ఎవరైనా ఊరుకుంటారా?

చెమ్మలాగ ఊరే వేడిని పట్టుకోవడం కష్టం. ఇనుప దర్వాజ మీద, పక్కన చెక్క మీద అరచేయి పెట్టండి. ఇనుము చెక్కకంటే కొన్ని వందల రెట్లు వేగంగా వేడిని దాటిస్తుంది. ఎవరింట్లోనైనా తాకకుండానే వేడి ఎంతో చెప్పే, తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే అడిగి తెండి. నుదురు చూసేది చాలాసార్లు పనికిరాదు, ఒంటి వేడి దగ్గరి అంకెలే అది చూపిస్తుంది. గోడలు చూసేదాని మీద 12:1 అని ఉంటే 12 అంగుళాల దూరం నుంచి ఒక అంగుళం చోటును చదువుతుందని అర్థం. ఆరడుగుల దూరం నుంచి చూస్తే ఆరంగుళాల చోటంతా కలిపి చెప్పేస్తుంది. మెరిసే రేకు దగ్గర ఇది మోసపోతుంది. అద్దంలాగ చుట్టుపక్కల వేడిని, మీ ముఖం వేడిని కూడా తిప్పి పంపుతుంది రేకు. దాని మీద రెండంగుళాల పేపర్ టేపు అంటించి, ఐదు నిమిషాలాగి టేపును చూడండి.

మూయడం దగ్గర పెద్దలు ముందుగా గడప దగ్గరికి పోతారు. కింద కాదు, పైన మొదలుపెట్టాలి. పెంకుల కింద గోడ మీది సందులను సున్నం కలిపిన మట్టితోనో సిమెంటుతోనో పూడ్చాలి. రేకుల కింద నాలుగంగుళాలు వదిలి వెదురు తడక కట్టవచ్చు. తెల్లవారుజామున రేకు లోపలివైపు నీటిబొట్లు పట్టి తడక మీద పడతాయి, అందుకే తడక ఒకవైపు వాలుగా ఉండాలి. థర్మాకోల్ వద్దు, అంటుకుంటే నల్లటి విషపు పొగ. తర్వాత దర్వాజ కింద పాత చీరముక్కలో ఇసుక పోసి కుట్టిన సంచి పెట్టండి. కిటికీ రెక్కకు ఫోమ్ టేపు వేసేటప్పుడు 3 మిల్లీమీటర్ల సందుకు 5 మిల్లీమీటర్ల టేపు చాలు. ఇంకా మందంది కొంటే గొళ్లెం పడదు. చెక్క తుడిచి ఆరబెట్టకుండా అంటిస్తే వారానికే ఊడుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం మరిచిపోవద్దు. కట్టెల పొయ్యి ఉన్న అర్రలో కప్పు సందు మూయవద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇల్లు బిగించినకొద్దీ ఈ భయం ఎక్కువవుతుంది. "కొంచెంసేపే" అంటారు మీ నాయనమ్మలు, వాళ్ల మాట ఈ ఒక్కదాంట్లో వినకండి.

ఇవన్నీ చేసే ముందు ఒక తెల్లవారుజామున ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, దర్వాజ పక్క సందు వెంబడి అగరబత్తిని నేల నుంచి పైదాకా మెల్లగా జరపండి. గాలి నిలిచిన రోజైతే కింద పొగ లోపలికి వంగుతుంది, పైన బయటికి పోతుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ఎటూ పోకుండా నిట్టనిలువుగా లేస్తుంది. అక్కడ చట్రం మీద సుద్దతో గీత గీయండి. కప్పు సందులు మూసినంక మళ్లీ అదే వేళకు చూడండి. ఆ గీత అక్కడే ఉందా, కిందికి దిగిందా, పైకి ఎక్కిందా? ఎన్ని అంగుళాలు జరిగిందో నాకు రాయండి.

మీ తాత