లింట్‌లో సొంత నిషేధాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మనకంటూ ఒక రూల్ కావాలంటే ప్లగిన్ (టూల్‌కు జతచేసే అదనపు కోడ్) రాయాల్సిందే.

మొదట్లో అక్కర్లేదు. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే లింట్ టూల్ ఈఎస్‌లింట్‌లోనే నో-రిస్ట్రిక్టెడ్-సింటాక్స్ అనే రూల్ ఉంది. ఏ రకం కోడ్‌ను పట్టుకోవాలో చెప్పే ఒక సెలెక్టర్, అది దొరికితే చూపాల్సిన ఒక మెసేజ్ ఇస్తే పని మొదలవుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల బిల్లులు కొట్టే యాప్ ఒకటి ఉందనుకోండి. 5వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు కొట్టిన బిల్లు మీద 4వ తేదీ పడుతుంది. ఎందుకంటే కోడ్‌లో ఎవరో తేదీని అక్షరాలుగా మార్చే టుఐఎస్ఓస్ట్రింగ్ పిలిచి, మొదటి 10 అక్షరాలు స్లైస్ చేశారు (కత్తిరించి తీసుకున్నారు). అది ఇచ్చేది యూటీసీ, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం. అక్కడ ఇంకా 4వ తేదీ రాత్రి 10.30. పగలు రుషికొండలో కూర్చుని ఎన్నిసార్లు టెస్ట్ చేసినా దొరకదు. అర్ధరాత్రి నుంచి 5.30 దాకానే తప్పు.

ఈ వాడకాన్ని నిషేధించే సెలెక్టర్‌లో స్లైస్‌తోపాటు స్ప్లిట్, సబ్‌స్ట్రింగ్‌లనూ చేర్చండి, లేకపోతే అదే తప్పు ఇంకో దారిలో వస్తుంది. మెసేజ్‌లో "వాడొద్దు" అని ఊరుకోకుండా, బదులుగా పిలవాల్సిన ఫంక్షన్ పేరు రాయండి.

అపోహ: దీనికి గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) చాలు.

గ్రెప్ కామెంట్లనూ పట్టుకుంటుంది, రెండు లైన్లుగా విరిచిన కోడ్‌ను వదిలేస్తుంది. లింట్ చూసేది సింటాక్స్ ట్రీని, అంటే కోడ్ నిర్మాణాన్ని. అయినా ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టి కింది లైన్‌లో స్లైస్ చేస్తే మన సెలెక్టర్ చేతులెత్తేస్తుంది.

అపోహ: ముందు వార్నింగ్‌గా పెడదాం, మెల్లగా సరిచేస్తారు.

చేయరు.

అపోహ: కాన్ఫిగ్‌లో రాశాం కాబట్టి అమల్లో ఉన్నట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫ్లాట్ కాన్ఫిగ్‌లో (ఈఎస్‌లింట్ సెట్టింగుల కొత్త పద్ధతి) ఒకే ఫైలుకు రెండు బ్లాకులు వర్తించి, రెండింటిలోనూ ఈ రూల్‌కు లిస్టులు ఉంటే అవి కలవవు. కిందిది పైదాన్ని తుడిచేస్తుంది, అదీ చప్పుడు లేకుండా. బిల్లింగ్ ఫోల్డర్‌కని ఒక్క సెలెక్టర్ విడిగా పెట్టారా, తేదీల నిషేధం అక్కడ పోయినట్టే! ఉమ్మడి లిస్టును వేరియబుల్‌లో ఉంచి రెండు చోట్లా స్ప్రెడ్ చేయండి (మూడు చుక్కల గుర్తుతో లిస్టులోకి పరచండి). ప్రింట్-కాన్ఫిగ్ ఆప్షన్‌కు ఫైలు పేరిచ్చి, ఆ ఫైలుకు నిజంగా ఏది వర్తిస్తోందో చూసుకోండి.

అపోహ: పాత కోడ్ మొత్తం బాగుచేశాకే రూల్ పెట్టాలి.

ఈఎస్‌లింట్ 9.24 వెర్షన్ నుంచి సప్రెస్-రూల్ ఆప్షన్ ఉంది. పాత తప్పులను ఒక ఫైల్లో నమోదుచేసి, కొత్తవాటినే ఆపుతుంది. రూల్ ఎర్రర్‌గా ఉంటేనే ఇది పనిచేస్తుంది. అయితే అది లెక్కపెట్టేది ఒక్కో ఫైలులో ఒక్కో రూల్ పేరు మీద ఎన్ని తప్పులున్నాయనే. మన సెలెక్టర్లన్నీ ఒకే పేరు కింద ఉన్నాయి. తేదీ తప్పు ఒకటి తీసేసి, దాని బదులు వేరే నిషేధాన్ని ఒకటి దాటితే లెక్క సరిపోతుంది, బిల్డ్ పాసైపోతుంది. ఒక లైన్‌లో రూల్‌ను ఆపడానికి కోడ్‌లో రాసే డిసేబుల్ కామెంట్‌తోనూ ఇదే పేచీ: ఒక్కదానికని రాస్తే ఆ లైన్‌లో అన్ని నిషేధాలూ ఆగిపోతాయి.

సెలెక్టర్లు ఐదారు దాటాక ముఖ్యమైనవాటికి సొంత పేర్లు పెట్టడం మేలు. ప్లగిన్ రాయాల్సింది అప్పుడు. దాన్ని ఎన్‌పీఎమ్‌లో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను అందరితో పంచుకునే చోటు) పెట్టక్కర్లేదు, ప్రాజెక్టులోని ఫైలునే కాన్ఫిగ్‌లోకి ఇంపోర్ట్ చేయవచ్చు. రూల్‌లోని క్రియేట్ ఫంక్షన్‌లో పాత సెలెక్టర్‌నే కీగా పెట్టి, తప్పును తెలియజేసే రిపోర్ట్ పిలిస్తే రూల్ తయారు.